మీ ప్రశ్న – మా జవాబు: వెస్ట్‌వ్యూ ఊరివాళ్ల మాటేమిటి?

ప్రశ్న: 'వాండావిజన్' సిరీస్‌ను 2021లో శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ చూశాను. ఈమధ్య మా అమ్మాయితో కలిసి మళ్లీ మొదటినుంచి చూశాను. రెండుసార్లూ ఆఖరి ఎపిసోడ్ దగ్గర నా అనుభవం ఒక్కటే. పిల్లలను పడుకోబెట్టి, భర్తకు వీడ్కోలు చెప్పే చోట కన్నీళ్లు ఆగలేదు. అది ముగిసిన కాసేపటికే వాండా ఊరి నడిబొడ్డునుంచి నడిచి వెళ్లిపోతుంటే కోపం వచ్చింది. ఊరినంతటినీ చెరబట్టినందుకు ఆమె ఎవరికీ జవాబు చెప్పదు. పైగా ఆమె చేసిన త్యాగం ఊరివాళ్లకు ఎప్పటికీ తెలియదని ప్రభుత్వ ఏజెంట్ మోనికా ఓదారుస్తుంది. 'సూపర్‌హీరో కథ గురించి ఇంత ఆలోచన ఎందుకమ్మా' అంటుంది మా అమ్మాయి. ఇంతకూ నా కన్నీళ్లు నిజమా, నా కోపం నిజమా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెండూ నిజమే, రెండింటిలో దేన్నీ మీరు వదులుకోనక్కరలేదు. మిమ్మల్ని ఏడిపించిన సన్నివేశాన్ని రచయితలు ఎనిమిది ఎపిసోడ్లపాటు ఓపికగా కట్టుకుంటూ వచ్చారు. మీకు కోపం తెప్పించిన సన్నివేశానికి కూడా అంతే ఓపికగా పునాది వేశారు కానీ, తీరా దాని వంతు వచ్చేసరికి తొందరపడి దాటేశారు. మీ మనసు ఈ తేడాను సరిగ్గానే పట్టుకుంది.

సిరీస్ చూడని పాఠకులకోసం కథను నాలుగు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మార్వెల్ సినిమాల్లో వాండా మాక్సిమాఫ్ సొకోవియా అనే కల్పిత దేశంలో పుట్టిన అమ్మాయి. చిన్నతనంలోనే ఇంటిమీద పడిన బాంబుకు తల్లిదండ్రులను, పెద్దయ్యాక ఒక యుద్ధంలో కవల సోదరుడు పియెట్రోను పోగొట్టుకుంది. 2018లో వచ్చిన 'ఇన్ఫినిటీ వార్' సినిమాలో, లోకాన్ని కాపాడడానికి తాను ప్రేమించిన యంత్రమానవుడు విజన్‌ను తన చేతులతోనే చంపుకోవలసి వచ్చింది. అంతటితో ఆగక థానోస్ అనే దుర్మార్గుడు కాలాన్ని వెనక్కి తిప్పి, ఆమె చూస్తుండగానే అతన్ని రెండోసారి చంపాడు. న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూ అనే ఊళ్లో, ఇద్దరూ కలిసి ముసలితనం దాకా బతకాలని విజన్ తీసుకుని పెట్టిన ఖాళీ స్థలంలో నిలబడినప్పుడు ఆమె దుఃఖం కట్టలు తెంచుకుంటుంది. ఆ దుఃఖంలోంచి పొంగిన మంత్రశక్తి ఊరి చుట్టూ గోడ కట్టి, ఊరినంతటినీ పాత అమెరికన్ టీవీ కామెడీగా మార్చేస్తుంది. అందులో మళ్లీ ఒక విజన్ పుడతాడు, బిల్లీ, టామీ అనే కవలపిల్లలు పుడతారు. ఊరి జనం మాత్రం తమ పేర్లు, తమ బతుకులు పోగొట్టుకుని, ఆమె కథలో ఇరుగుపొరుగు వేషాలు వేస్తూ బందీలవుతారు. జాక్ షేఫర్ రూపొందించగా మాట్ షాక్‌మన్ దర్శకత్వం వహించిన ఈ 9 ఎపిసోడ్ల కథ 2021 జనవరి 15న మొదలై మార్చి 5న ముగిసింది.

మీ కన్నీళ్ల సంగతి మొదట చూద్దాం. ఒక్కొక్క ఎపిసోడ్‌ను ఒక్కొక్క దశాబ్దపు టీవీ కామెడీ పద్ధతిలో తీయడం, అందులో మొదటిదాన్ని నలుపు తెలుపుల్లో నిజమైన ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని చిత్రీకరించడం చూసి, ఇదంతా సాంకేతిక నైపుణ్యాన్ని చూపించుకోవడం కోసమేనని చాలామంది మొదట్లో అనుకున్నారు. ఎనిమిదో ఎపిసోడ్‌లో దాని వెనక ఉన్న కారణం తెలుస్తుంది. యుద్ధం నడుమ బతుకుతున్న సొకోవియాలో వాండా తండ్రి ఆ కామెడీల డీవీడీలు అమ్మేవాడు. రాత్రిపూట ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని వాటిని చూస్తూ ఇంగ్లీషు నేర్చుకునేవారు. బాంబు పడింది కూడా అలాంటి ఒక రాత్రే. ఎంత గందరగోళం జరిగినా అరగంటలో అంతా చక్కబడి, ఎవరికీ ఏమీ కాకుండా మిగిలే లోకం అది. ఆ పిల్ల పెద్దదై, సర్వం పోగొట్టుకున్నాక, తనకు తెలిసిన ఒకే ఒక క్షేమమైన ఇంటిని కట్టుకుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో ఆమె కూలగొట్టుకోవలసింది ఆ ఇంటినే.

కూలగొట్టే తీరు గమనించండి. ఎర్రని మంత్రపు గోడ ఊరి అంచులనుంచి ఇంటివైపు కమ్ముకుని వస్తుంటే, ఆ నలుగురూ రోజూలాగే ఇంటికి నడిచి వస్తారు. తల్లి పిల్లలను పక్కమీద పడుకోబెట్టి దుప్పటి సర్దుతుంది, తమకు తల్లిగా తనను ఎంచుకున్నందుకు వాళ్లకు కృతజ్ఞత చెబుతుంది. కింది గదిలో దీపం వెలుగులో విజన్ తానెవరో చెప్పమని అడుగుతాడు. విజన్‌కు ప్రాణమిచ్చిన మంత్రమణిలో తనలో మిగిలిన శకలం అతనని, తన దుఃఖమూ ఆశా అతనేనని, అన్నిటికంటే మించి తన ప్రేమ అని ఆమె చెబుతుంది. ఇంతకు ముందు కూడా వీడ్కోలు చెప్పుకున్నాం కనుక మళ్లీ కలుసుకుంటామని అతను తన సహజమైన తర్కంతో లెక్క తేల్చి చెబుతాడు. ఆ తరువాత గోడలు, సామాన్లు, మనిషి అన్నీ కరిగిపోయి, పునాదులు మాత్రమే ఉన్న ఖాళీ స్థలంలో ఆమె ఒంటరిగా మిగులుతుంది. ఇందులో ఆయుధాలు లేవు, పెద్ద కేకలు లేవు. పిల్లలను నిద్రపుచ్చి దీపాలు ఆర్పే ఇంటి రివాజు ఉంది. మరణశయ్య పక్కన కూర్చున్న ప్రతి కుటుంబానికీ తెలిసిన విషయం ఇది: చివరి గంటల్లో కూడా మందులు వేళకు ఇస్తాం, దుప్పటి సర్దుతాం, తినలేరని తెలిసినా ఏమైనా తింటారా అని అడుగుతాం. ఎలిజబెత్ ఓల్సెన్, పాల్ బెట్టనీ ఆ సన్నివేశంలో ఒక్క క్షణం కూడా అతి చేయలేదు. మార్వెల్ సంస్థ టీవీకోసం తీసినవాటిలో దీనికి సాటివచ్చే నిమిషాలు నాకు మరొకచోట కనిపించలేదు.

ఇక మీ కోపం. ఊరివాళ్ల బాధను రచయితలు మరచిపోయారనడం సరికాదు. ఐదో ఎపిసోడ్‌లోనే విజన్ తన కార్యాలయంలో పనిచేసే నార్మ్‌ను మంత్రంనుంచి ఒక్క క్షణం మేలుకొలిపితే, అతను తన చెల్లెలికి ఫోన్ చేయాలని, ఇంట్లో తండ్రికి ఆరోగ్యం బాగాలేదని భయంతో వణికిపోతూ ప్రాధేయపడతాడు. ఆరో ఎపిసోడ్‌లో ఊరి చివర ఒక స్త్రీ పండుగ అలంకరణను వేలాడదీస్తూ, అదే కదలికను మళ్లీ మళ్లీ చేస్తూ ఉంటుంది. ఆమె మొహంలో మరే చలనమూ లేదు, చెంపమీదుగా ఒక కన్నీటి చుక్క మాత్రం జారుతుంది. తొమ్మిదో ఎపిసోడ్‌లో మంత్రగత్తె అగాథా ఊరివాళ్లను ఒక్కసారిగా మేలుకొలిపినప్పుడు, అంతవరకూ డాటీ అనే వేషంలో ఉన్న సారా వాండా ముందు నిలబడి తన కూతురికోసం వేడుకుంటుంది. తన పిల్లకు ఎనిమిదేళ్లని, కావాలంటే మీ పిల్లలకు స్నేహితురాలి పాత్ర ఇవ్వమని, వాళ్లను ఏడిపించే పిల్ల పాత్ర ఇచ్చినా ఫరవాలేదని, ఆ పిల్లను గదిలోంచి బయటికి మాత్రం రానిస్తే ఒక్కసారి గుండెలకు హత్తుకుంటానని బతిమాలుతుంది. తన పిల్లలను కాపాడుకోవాలనుకునే తల్లి ఎదుట, కూతురిని ఎత్తుకునే అనుమతికోసం దేబిరిస్తున్న మరో తల్లి. ఈ సిరీస్ మొత్తంలో ఇంతకంటే కఠినమైన క్షణం లేదని నా అభిప్రాయం.

వెంటనే ఊరివాళ్లందరూ చుట్టుముట్టి, నిద్రపోయినా తమకు ఆమె పీడకలలే వస్తున్నాయని, వదలకపోతే చంపేయమని అడుగుతారు. వాండా గోడ తెరవడం మొదలుపెడుతుంది. తెరుస్తుంటే ఆమె భర్త, పిల్లలు ముక్కలు ముక్కలుగా విడిపోవడం మొదలవుతుంది. భయపడి మళ్లీ మూసేస్తుంది. ఊరు బతకాలంటే ఇల్లు పోవాలి, ఇల్లు నిలవాలంటే ఊరు చావాలి. కథ మొత్తాన్ని ఇంత స్పష్టమైన ముడిగా బిగించిన రచయితలు, విప్పేటప్పుడు ఒక కొసను మాత్రమే విప్పారు. ఆమె ఇంటిని పోగొట్టుకోవడం మనం నిమిషాలకొద్దీ చూస్తాం. సారా తన కూతురిని చేరుకోవడానికి ప్రత్యేకంగా ఒక సన్నివేశం లేదు. నార్మ్ చెల్లెలికి ఫోన్ చేశాడో లేదో మనకు చెప్పరు.

మోనికా మాటను కూడా కొంచెం లోతుగా చూడాలి. మోనికా రాంబో థానోస్ వల్ల ఐదేళ్లపాటు లోకంనుంచి మాయమై తిరిగివచ్చిన మనిషి. వచ్చేసరికి ఆమె తల్లి క్యాన్సర్‌తో చనిపోయి ఉంది, చివరిచూపు కూడా దక్కలేదు. వాండా శక్తి తనకే ఉంటే తానూ తల్లిని తిరిగి తెచ్చుకునేదాన్నని ఆమె ఒప్పుకుంటుంది. ఆ సానుభూతి నిజాయితీ అయినది, ఆ పాత్రకు పూర్తిగా తగినది. ఒక దుఃఖితురాలు మరో దుఃఖితురాలితో ఆ మాట చాటుగా అని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఊరి కూడలిలో, బాధితులు నిలబడి చూస్తుండగా, వాళ్ల తరఫున మాట్లాడే హక్కు ఉన్న ఒక్కరికీ మాట ఇవ్వకుండా, ఆ ఓదార్పునే కథ తన తీర్పుగా నిలబెట్టడంలో లోపముంది. వాండా ఇచ్చివేసింది తాను తీసుకున్నదాన్నే. భర్తనూ బిడ్డలనూ వదులుకోవడం ఆమెకు ఎంత నరకమైనా, ఆ ఊరివాళ్లు దానికి ఋణపడి ఉన్నారని ఎవరూ అనలేరు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి: తన వల్ల కలిగిన బాధకు వాండా క్షమాపణ చెబుతుంది, కానీ మోనికాకు చెబుతుంది, సారాకు చెప్పదు. ఆమె తలదించుకుని నడిచిపోవడాన్ని, జనం ద్వేషంగా చూడడాన్ని దర్శకుడు చూపించాడు కనుక ఆమె నిర్దోషి అని కథ చెప్పలేదని కొందరు వాదిస్తారు. ఆ వాదనలో కొంత బలముంది. అయినా చూపులతో సరిపెట్టడం చాలదు. అన్ని ఎపిసోడ్లపాటు గొంతు నొక్కబడిన మనుషులకు ఆఖరున ఇవ్వవలసింది గొంతే.

ఈ తొందరకు ఒక కారణం కథ నిర్మాణంలోనే ఉంది. వాండాకంటే చెడ్డవాళ్లను ఇద్దరిని పక్కన నిలబెట్టారు. ఒకరు అగాథా. రెండోవాడు హేవార్డ్ అనే అధికారి. చనిపోయిన విజన్ శరీరాన్ని ఆయుధంగా తిరిగి బతికించాలని చూసినవాడు, వాండా ఆ శరీరాన్ని దొంగిలించిందని అబద్ధం చెప్పినవాడు, చివరికి పిల్లలమీద తుపాకీ పేల్చినవాడు. ఇలాంటి ఇద్దరు ఓడిపోతే న్యాయం జరిగిందన్న తృప్తి ప్రేక్షకుడికి కలుగుతుంది, ఆ తృప్తిలో వాండా చేసినదాని బరువు తగ్గిపోతుంది. అగాథాకు పడిన శిక్షను చూడండి: ఆమె మనసును చెరపట్టి, ఆగ్నెస్ అనే వాగుడుకాయ పక్కింటావిడ వేషంలోకి నెట్టి, ఆ ఊళ్లోనే వదిలేస్తుంది వాండా. ఊరిమీద మొదట మంత్రం పడినప్పుడు వాండాకు తానేమి చేస్తున్నదో పూర్తిగా తెలియదు. అగాథా విషయంలో తెలిసీ, కావాలనీ అదే పని చేసింది. వెస్ట్‌వ్యూ ఆమెకు ఏమి నేర్పిందన్న ప్రశ్న అక్కడ లేవాలి. కథ దాన్ని చమత్కారంగా దాటించింది.

ఒక విషయంలో మాత్రం రచయితలను మెచ్చుకోవాలి. ఆఖరున డాక్టర్ స్ట్రేంజ్ అనే మరో మార్వెల్ మాంత్రికుడు కనిపించాలన్న ఆలోచన మొదట్లో ఉండేదని, వాండా కథనుంచి దృష్టి మళ్లుతుందని దాన్ని మానుకున్నామని నిర్మాత కెవిన్ ఫైగీ తరువాత చెప్పారు. చాలా మంచి నిర్ణయం అది. ఎవరో పెద్దమనిషి వచ్చి ఆమెకు బుద్ధి చెప్పి గోడ తెరిపించి ఉంటే, మీరు ఏడ్చిన ఆ వీడ్కోలు ఉండేదే కాదు.

మీ అమ్మాయి అడిగినదానికి నా మాటగా ఇది చెప్పండి. తన బాధను ఇతరులమీద రుద్దే హక్కు బాధపడేవాళ్లకు ఉందా అని ఈ సిరీస్ తానే అడిగింది, ఆ ప్రశ్నను సారా నోట, నార్మ్ నోట మనకు వినిపించింది. సూపర్‌హీరో కథ కనుక అంతగా పట్టించుకోనక్కరలేదని మనం అనుకుంటే, తీసినవాళ్లు పడిన శ్రమను కూడా తక్కువ చేసినట్టవుతుంది.

ప్రశ్న: మొదటి ఏడు ఎపిసోడ్లూ ఎంతో కొత్తగా ఉండి, ఆఖరికి అందరూ ఆకాశంలో ఎగురుతూ రంగురంగుల వెలుగులు విసురుకోవడంతో ముగించారు. ఇందుకేనా అంత కథ నడిపింది?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఆకాశయుద్ధం అవసరానికంటే పొడవుగా ఉందన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. ఆ పోరాటంలో సగం నిడివి తీసి సారాకు ఇచ్చి ఉంటే పైన చెప్పిన లోటు చాలావరకు తీరేది. అయితే ఆ పోరాటాలు రెండూ ముగిసిన పద్ధతిని విడిగా చూడాలి, అవి సామాన్యమైనవి కావు.

వాండా, అగాథాల పోరు బలంతో తేలలేదు. ఒక స్థలంలో మంత్రాక్షరాలు ఎవరు రాస్తే వారి మంత్రం మాత్రమే అక్కడ పనిచేస్తుందని ఎనిమిదో ఎపిసోడ్‌లో అగాథాయే గొప్పగా చెప్పుకుంటుంది. ఆఖరి పోరులో వాండా విసిరిన వెలుగులు గురితప్పి గోడలకు తగులుతున్నాయని మనమూ అగాథా కూడా అనుకుంటాం. తీరా చూస్తే అవి గోడలమీద ఆమె రాస్తున్న మంత్రాక్షరాలు. గురువు చెప్పిన పాఠంతోనే గురువును కట్టేసిన ఆ ఎత్తు ముందే నాటిన విత్తనంనుంచి మొలిచింది.

వాండా సృష్టించిన విజన్‌కూ, చనిపోయిన విజన్ శరీరంతో హేవార్డ్ తయారుచేసిన తెల్ల విజన్‌కూ జరిగిన పోరు ఇంకా బాగుంది. ఒకరినొకరు చంపుకోవడానికి వచ్చిన ఇద్దరూ ఊరి గ్రంథాలయంలో ఆగి, థీసియస్ ఓడ గురించి చర్చించుకుంటారు. పాత చెక్కలు ఒక్కొక్కటిగా మార్చేసిన ఓడ అసలు ఓడేనా, తీసేసిన పాత చెక్కలతో మరో ఓడ కడితే రెండింటిలో ఏది అసలైనది అన్నది ప్రాచీన గ్రీకులనాటి ప్రశ్న. తెల్ల విజన్‌కు అసలు శరీరం ఉంది, జ్ఞాపకాలు లేవు. మన విజన్‌కు ప్రేమా స్వభావమూ ఉన్నాయి, శరీరం వాండా ఊహించినది. అసలు విజన్‌ను చంపమన్నది తెల్ల విజన్‌కు అందిన ఆజ్ఞ. అసలువాడెవడో తేలనప్పుడు ఆ ఆజ్ఞ చెల్లదని మన విజన్ వాదించి, అతని జ్ఞాపకాలను అతనికి తిరిగి ఇచ్చేస్తాడు. వాదనతో ఆగిన సూపర్‌హీరో పోరాటాలు మీకు ఎన్ని గుర్తున్నాయో ఒకసారి ఆలోచించండి. జ్ఞాపకాలు వచ్చిన తెల్ల విజన్ అక్కడినుంచి ఎగిరిపోవడం, వాండా అతన్ని కలుసుకోకుండానే కథ ముగియడం మాత్రం నాకు కూడా వెలితిగానే అనిపించింది.

ప్రశ్న: పియెట్రోగా వచ్చినది ఎక్స్‌మెన్ సినిమాల్లోని నటుడే కదా. తీరా అతన్ని ఎవరో రాల్ఫ్ అని తేల్చేశారు. మెఫిస్టో కూడా రాలేదు. ప్రేక్షకులను మోసగించినట్టు కాదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. మెఫిస్టో పేరును సిరీస్ ఎక్కడా పలకలేదు. పాత కామిక్స్‌లో వాండా కవలపిల్లలు మెఫిస్టో అనే దుష్టశక్తి ఆత్మశకలాలని తేలుతుంది కనుక, ఆ కథలు చదివినవాళ్లు అతనికోసం ఎదురుచూశారు. అతను రాకపోవడమే మేలైంది. దోషమంతా ఒక దయ్యంమీద వేసి ఉంటే వాండా దుఃఖానికి అర్థమే పోయేది.

రాల్ఫ్ విషయంలో మీ ఫిర్యాదు న్యాయమైనదే. ఎక్స్‌మెన్ సినిమాల్లో వేగశాలి క్విక్‌సిల్వర్‌గా (పియెట్రోకు కామిక్స్‌లోని మరో పేరు) కనిపించిన ఇవాన్ పీటర్స్‌నే తెచ్చి వాండా ఇంటి గుమ్మంలో నిలబెట్టినప్పుడు, ఆ ఎంపికే ప్రేక్షకుడికి ఒక మాట ఇచ్చినట్టయింది. దాన్ని ఒక మొరటు పేరుమీది హాస్యంతో ముగించడం తేలికపని. అన్నను పోగొట్టుకున్న చెల్లెలి ముందుకు అన్న పేరుతో పరాయివాడిని పంపడం ఎంత క్రూరమో కథ ఒక్కసారైనా ఆగి చూడవలసింది.

ప్రశ్న: 2022లో వచ్చిన డాక్టర్ స్ట్రేంజ్ సినిమాలో వాండా పూర్తి దుర్మార్గురాలైంది. అలాంటప్పుడు సిరీస్ ముగింపులో ఆమె నేర్చుకున్నదేమిటి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: 'మల్టీవర్స్ ఆఫ్ మ్యాడ్నెస్' సినిమాలో వాండా మరో లోకంలో బతికివున్న తన పిల్లలకోసం ఎంతమందినైనా చంపడానికి సిద్ధపడుతుంది. తన ఇంటికోసం ఇతరుల బతుకులు లాక్కోకూడదని తెలుసుకుని పిల్లలను వదులుకున్న తల్లి, మళ్లీ అక్కడికే, అంతకంటే ఘోరంగా చేరుకోవడం చూసి మీరు నొచ్చుకోవడంలో ఆశ్చర్యం లేదు.

దానికి బీజం సిరీస్ ఆఖరి క్షణాల్లో ఉన్నమాట నిజం. కొండల మధ్య ఒంటరి ఇంట్లో ఆమె శరీరం టీ కాచుకుంటూ ఉండగా, ఆత్మరూపం డార్క్‌హోల్డ్ అనే దుష్టగ్రంథాన్ని చదువుతుంటుంది. ఎక్కడినుంచో పిల్లల కేకలు వినిపిస్తాయి. ఆ గ్రంథమే ఆమె మనసును పాడుచేసిందని సినిమా చెబుతుంది. బీజం వేరు, ఎదుగుదల వేరు. ఆ కేకలకూ సినిమాలోని హత్యలకూ మధ్య ఒక మనిషి మనసు ఎలా విరిగిందో చూపవలసిన దూరమంతా తెరవెనకే జరిగిపోయింది. అగాథాకు వేసిన శిక్షను సిరీస్ చమత్కారంగా కాక హెచ్చరికగా చూపి ఉంటే ఆ దూరం కొంత తగ్గేది. ఆ శిక్ష ఎంత భయంకరమో 2024లో వచ్చిన 'అగాథా ఆల్ ఎలాంగ్' సిరీస్ మొదటి ఎపిసోడ్ చూపించింది. అక్కడ అగాథా తానొక పోలీసు డిటెక్టివ్‌నన్న భ్రమలో, అదే వెస్ట్‌వ్యూలో, తన పేరు కూడా తెలియకుండా బతుకుతూ ఉంటుంది. మీరు అది చూడకపోతే సినిమాకంటే ముందు దాన్ని చూడమని చెబుతాను. 'వాండావిజన్' ముగింపు పట్టించుకోకుండా వదిలేసిన బాధితుల్లో కనీసం ఒకరి కథను, ఆ బాధితురాలు స్వయంగా ఎంత పాపాత్మురాలైనా, అది తిరిగి ఎత్తుకుంది.